పట్టుకోకుండా పట్టించిన మందు

మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొత్తలో నేను ఆదోనిలోని ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరాను. మాది కోసిగి దగ్గర పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్ళు. నేను చర్చి బడిలో చదువుకుని, బళ్ళారిలో పని నేర్చుకుని వచ్చేసరికి నాకు ఇరవై ఏళ్ళు నిండాయి. ఆసుపత్రిలో పది మంచాలు. ఒక డాక్టరమ్మ, ఒక కాంపౌండరు, నేను. డాక్టరమ్మ కోస్తా మనిషి. మా మాట ఆమెకు, ఆమె మాట మాకు అలవాటు కావడానికి ఆర్నెల్లు పట్టింది. "రోంత" అంటే కొంచెం అని ఆమెకు నేర్పింది నేనే.

పత్తి కాలం వచ్చిందంటే ఆదోనిలో గాలి కూడా తెల్లగా ఉండేది. పల్లెల నుంచి బండ్లు బారులు తీరేవి. గింజ తీసే మిల్లులన్నీ ఒక్కసారి మొదలయ్యేవి. కోసిగి వైపు నుంచీ ఇంకా పడమటి పల్లెల నుంచీ ఆడవాళ్ళు పనికి వచ్చేవారు. ఇంట్లో చూసుకునే దిక్కు లేనివాళ్ళు చంటిపిల్లల్ని వెంట తెచ్చుకుని, పత్తి కుప్పల పక్కనే చీర పరిచి పడుకోబెట్టేవారు. చూడ్డానికి అంతకంటే మెత్తని పక్క ఉండదు. కానీ నెల తిరిగేసరికి ఆ పిల్లల్లో కొందరు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. డొక్కలు ఎగరేస్తూ, మెడ కింద గుంట పడుతూ, గుండెలో పిల్లికూతలు పెడుతూ. ఆయాసంతో ఉన్న పసిబిడ్డ కళ్ళు ఒకలా ఉంటాయి. ఎవరినీ చూడవు. లోపల జరుగుతున్నదాన్నే చూసుకుంటున్నట్టు ఉంటాయి.

మా దగ్గర ఉన్న వైద్యం సూది. సూది పనిచేసేది, నిజమే. కానీ సూది కనపడగానే పిల్లలు గుక్కపెట్టేవాళ్ళు. "ఉన్న కాస్త ఊపిరీ ఏడుపుకే పోతోంది" అని డాక్టరమ్మ బాధపడేది. ఆమె ఎవరికో ఉత్తరం రాసి మద్రాసు నుంచి ఒక గాజు పిచికారీ తెప్పించింది. కోడిగుడ్డంత గాజు బుడ్డి, దానికి ఒక పక్క రబ్బరు బంతి, ఇంకో పక్క గాజు మూతి. బుడ్డిలో నాలుగు చుక్కల మందు వేసి బంతి నొక్కితే మంచులాంటి పొగ వచ్చేది. ఆ పొగను పీలిస్తే మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మొదట బస్తాలు మోసే ఒక ముసలాయనకు పట్టించాం. గాజు మూతి నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి, చెప్పినట్టు పీల్చాడు. పావుగంటలో లేచి కూర్చుని, "అమ్మా, ఎవరో గుండె మీద నుంచి బస్తా దించినట్టుంది" అన్నాడు.

చంటిపిల్లలు అలా పీల్చలేరు కదా. గాజును కొరుకుతారు, లేదా నాలుకతో తోసేస్తారు. అందుకని ముక్కూ నోరూ కలిపి కప్పే మాస్కు పెట్టి, దాని వెనక నుంచి పొగ పంపాలని డాక్టరమ్మ ఆలోచించింది. ఆపరేషన్ గదిలో మత్తు ఇవ్వడానికి వాడే నల్ల రబ్బరు మాస్కు ఒకటి ఉంది. అది పెద్దవాళ్ళది. పసిపిల్ల ముఖానికి పెడితే కళ్ళదాకా వస్తుంది. పైగా ఈథరు వాసన. అయినా అదే ఉంది.

మేము దాన్ని మొదటిసారి పెట్టింది రెండేళ్ళు కూడా నిండని ఒక ఆడపిల్లకు. తల్లి మిల్లులో పత్తి ఏరే మనిషి, నా ఈడుదే. పిల్లను గుండెకు అదుముకుని, చెప్పుల్లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చింది. డాక్టరమ్మ మందు కలిపింది. కాంపౌండరు పాప కాళ్ళు పట్టుకున్నాడు. నేను తల పట్టుకున్నాను. డాక్టరమ్మ మాస్కు అదిమింది. పాప మాస్కు కిందనే కేకలు పెట్టింది. మూతికీ మాస్కుకూ మధ్య సందుల్లోంచి పొగంతా బయటికే పోయింది. పెదవులు నీలం తిరిగాయి.

అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడిన తల్లి ఒక్క అంగలో వచ్చి మాస్కు లాగి అవతల పారేసింది.

"ఇడిసిపెట్టండి! సంపుతారా నా బిడ్డను? పట్టుకునేది తప్ప ఇంకేం రాదా మీకు?"

డాక్టరమ్మ సూది తీసుకుని వెనకాలే మెట్ల దాకా పోయింది. తల్లి అప్పటికే పాపను ఎత్తుకుని వీధి మలుపు తిరిగింది.

డాక్టరమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. "తప్పు మనదే" అంది చివరికి. నాకు ఆ రోజంతా అరచేతుల్లో ఆ పాప కణతల వెచ్చదనం తెలుస్తూనే ఉంది. పాపం ఎంత కొట్టుకుందో, నేను ఎంత గట్టిగా అదిమానో నాకే తెలుసు.

రెండు రోజులు ఆగి మిల్లు గేటు దగ్గర పనివాళ్ళను అడిగాను. సూది వేసే ఇంకో డాక్టరు దగ్గర అప్పటికి తగ్గిందట. తల్లి పాపను ఎమ్మిగనూరులో అవ్వ దగ్గర, అంటే తన అమ్మ దగ్గర, వదిలిందట. "ఆడ వాతలేసేటాయన ఉన్నాడంటక్కా. అమాస దాటినాక పోతారంట" అంది ఒకామె. ఆయాసానికి పసిబిడ్డల పొట్ట మీద ఇనుము కాల్చి వాతలు వేయడం నేను మా పల్లెలో చూసినదే.

డాక్టరమ్మకు చెప్పాను. ఆమె "ఆదివారం నువ్వు వెళ్ళి చూసి రా. తీసుకురమ్మని బలవంతపెట్టకు. ముందు క్షమించమని అడుగు" అంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కాను. ఎమ్మిగనూరులో నేతవాళ్ళ వీధి వెతకనక్కర్లేదు, మగ్గాల చప్పుడు పట్టుకుని పోతే చాలు. ఆ అవ్వ నేతవాళ్ళకు నూలు కండెలు చుట్టి ఇచ్చేది. వాకిట్లో రాట్నం ముందు కూర్చుని ఉంది. నేను ఎవరో చెప్పగానే రాట్నం ఆపింది. చెంబుతో నీళ్ళయితే ఇచ్చింది గానీ కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"తప్పయిపోయిందవ్వా. పాపను చూసిపోదామని వచ్చినా" అన్నాను. అక్కడికి పోగానే నా నోట మా ఊరి మాటే వచ్చేసింది.

"సూడు. ఆడుండాది" అంది.

పాప గుమ్మం దగ్గర కూర్చుని ఆడుకుంటోంది. నన్ను చూసి గుర్తుపట్టి లోపలికి పాకింది. మిల్లుకు సెలవేమో, లోపల తలుపు చాటున తల్లి ఉన్నట్టు గాజుల చప్పుడయింది. బయటికి రాలేదు.

"వాతలు ఏయించొద్దవ్వా" అన్నాను, ఇంకేం చెప్పాలో తోచక.

అవ్వ నా ముఖంలోకి చూసింది. ఆమె మాట అప్పుడు మారింది.

"వాతలా? నా కంఠంలో పానముండగా ఏయించను తల్లీ. జనం అంటాండారు, నేను ఊ అంటాండా, అంతే. మా యమ్మికి, ఈ పాప తల్లికి, మూడేండ్లప్పుడు ఇదే రోగం. అందరూ సెప్పినారని తీసుకపోయినా. వాళ్ళ నాయన సేతులు పట్టుకున్నాడు. మా అత్త తల పట్టుకునింది. కాళ్ళు పట్టుకునింది నేనే. పొట్ట మీద మూడు వాతలు. నన్నే సూస్తా అరిసింది. కన్నతల్లిని, ఇడిపిస్తాననుకునింది కదా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మొన్న మీరూ ముగ్గురు పట్టుకుంటిరంట. ఇంటికొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడల్యా అది."

మాస్కు లాగి పారేసిన ఆ చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమయింది.

అవ్వ మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. మేము మాట్లాడకపోయేసరికి పాప మెల్లగా గుమ్మం దాటి బయటికి వచ్చింది. చేతిలో చిన్న కొబ్బరి చిప్ప ఉంది. దాన్ని మూతికి పెట్టుకుని "ఊ..." అంది. చిప్పలో ఆ గొంతు గుమ్మని మోగింది. పాప చిప్ప తీసి నవ్వి, అవ్వకు ఇచ్చింది. అవ్వ మూతికి పెట్టుకుని "ఊ... ఎవురమ్మీ నువ్వు?" అంది. మళ్ళీ పాప చేతికి ఇచ్చింది. పాప మళ్ళీ పెట్టుకుంది.

నేను చూస్తూ ఉండిపోయాను. ఆ చిప్ప పాప ముక్కు పైనుంచి గడ్డం దాకా సరిగ్గా కప్పుతోంది. ఎవరూ అదమడం లేదు. తనంతట తనే పెట్టుకుంటోంది.

"అవ్వా, ఈ ఆట ఎవరు నేర్పినారు?"

"నేర్పేదేముంది? నేను పనిలో ఉంటే ఏడుస్తాంది కదా. గాజుపెంకుతో నున్నగా గీకి ఇచ్చినా. పొద్దంతా అదే ఆట."

నేను ఆత్రంగా ఆసుపత్రి పిచికారీ సంగతీ, మాస్కు పెద్దదైన సంగతీ, ఆ ముసలాయన సంగతీ చెప్పాను. చెప్తూ ఉండగానే తల్లి బయటికి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఆ మందు మంచిదేనా?" అని అడిగింది.

"పెద్దోళ్ళకు పనిచేసింది, నా కళ్ళారా చూసినా. పిల్లలకూ చేస్తుందని డాక్టరమ్మ అంటాది. ఒట్టు పెట్టి మాత్రం చెప్పలేను."

"మల్ల పట్టుకుంటారా?"

"పట్టుకోం."

"డాక్టరమ్మ పట్టుకోమంటే?"

"నేను పట్టుకోను."

అవ్వ లేచి లోపలికి పోయి, అలాంటిదే ఇంకో చిప్ప తెచ్చి నా చేతిలో పెట్టింది.

మర్నాడు డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. తన ముక్కు మీద పెట్టుకుని చూసుకుని, "అంచు గుచ్చుకుంటుంది. వదిలే గాలి బయటికి పోవడానికి పక్కన రెండు చిల్లులు కావాలి" అంది. బజారులో సైకిళ్ళు బాగుచేసే తాత ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గరికి తీసుకుపోయాను. చిప్ప అడుగున గాజు మూతి దూరేంత చిల్లి, పక్కన రెండు సన్న చిల్లులు పెట్టాడు. మెత్తబడ్డ పాత ట్యూబును సన్నగా కోసి అంచు చుట్టూ అంటించాడు.

"ఏం చేస్తావు బేటీ దీంతో?"

"ఆయాసం పిల్లలకు మందు పట్టించేదానికి తాతా."

ఆయన దాన్ని మళ్ళీ లాక్కున్నాడు. తన చెంపకు రాసుకుని చూసి, ట్యూబు అతుకు దగ్గర ఇంకాస్త గీకి, మళ్ళీ రాసుకుని, "ఇప్పుడు బరాబర్" అని ఇచ్చాడు. రబ్బరు వాసన పోయేదాకా నేను నాలుగు రోజులు కుంకుడు నురుగుతో కడిగి ఎండలో పెట్టాను. అయినా కొంచెం వాసన ఉండనే ఉంది. ఆ అంచు మీదికి మెత్తని పాత గుడ్డ కుట్టాను.

మూడు వారాలయింది. ఒక పొద్దున మొదటి బస్సులో అవ్వా, కూతురూ, పాపా వచ్చారు. పాప డొక్కలు లోపలికి పోతున్నాయి. పిల్లికూతలు గుమ్మం దగ్గరికే వినిపిస్తున్నాయి. తల్లి నా వైపు సూటిగా చూసి, "పట్టుకోనన్నావు" అంది.

"పట్టుకోను" అన్నాను.

డాక్టరమ్మ కాంపౌండరును బయటే ఉండమంది. సూది సిద్ధం చేసి, పళ్ళెం మీద గుడ్డ కప్పి పాపకు కనపడకుండా పెట్టింది. తల్లిని బల్ల మీద కూర్చోబెట్టి, పాపను ఒళ్ళో, వీపు తల్లి గుండెకు ఆనేట్టు కూర్చోబెట్టుకోమంది. తనూ నేనూ నేల మీద కూర్చున్నాం. అప్పటిదాకా డాక్టరమ్మ నేల మీద కూర్చోవడం నేను చూడలేదు.

చిప్ప ముందు పాప చేతికి ఇచ్చాను. చూసింది. వాసన చూసింది. కింద పడేసింది. అవ్వ తీసి తన మూతికి పెట్టుకుని "ఊ..." అంది. తర్వాత తల్లి పెట్టుకుని "ఊ..." అంది. పాప మెడ తిప్పి అమ్మను చూసింది. మెల్లగా చెయ్యి చాపి చిప్ప తీసుకుంది. మూతికి పెట్టుకుని "ఊ" అనబోయింది. ఊపిరి చాలక గొంతు మధ్యలోనే ఆగిపోయింది. కానీ చిప్ప తీయలేదు.

"ఇప్పుడు" అంది డాక్టరమ్మ చాలా నెమ్మదిగా.

పాప ఊపిరి లోపలికి తీసుకునేప్పుడు మాత్రమే బంతి నొక్కాలి. పిచికారీ గాజు మూతిని చిప్ప చిల్లిలో దూర్చి, పాప పొట్టను చూస్తూ నొక్కాను. తెల్లని పొగ చిప్పలోకి పోయి, పక్క చిల్లుల్లోంచి సన్నగా బయటికి వచ్చింది. పాప ఉలిక్కిపడి తోసేసింది. ఆగాం. అవ్వ ఆ పొగలోకి వేలు పెట్టి, "సూడమ్మీ, ఇడ్లీ కుండలో ఆవిరి" అంది. పాప తనూ వేలు పెట్టింది. మళ్ళీ చిప్ప పెట్టుకుంది. నాలుగు ఊపిర్లు పీల్చింది, తోసేసింది. ఆగాం. మళ్ళీ ఆరు. ఈసారి తల్లి పాప చేతి మీద తన చెయ్యి వేసి మెత్తగా ఆనించింది. సందుల్లోంచి పొగ రావడం తగ్గింది. డాక్టరమ్మ చూపు మాటిమాటికీ గుడ్డ కప్పిన పళ్ళెం మీదికి పోతోంది. ఇంకొంచెం చూద్దామా, సూది వేసేద్దామా అని ఆమె పడుతున్న తర్జనభర్జన నాకు తెలుస్తూనే ఉంది.

బుడ్డిలో మందు అయిపోయింది. పాప తల్లి భుజం మీద తల వాల్చింది. నాకు భయం వేసింది. డాక్టరమ్మ నాడి పట్టుకుంది. పాప గుండె దడదడ కొట్టుకుంటోంది, అది ఆ మందు గుణమేనంది. ఇక పట్టించవద్దు, చూడాలంది.

చూశాం. ముందు కనిపెట్టింది తల్లే. ఆమె అరచెయ్యి పాప డొక్క మీద ఉంది.

"అక్కా, ఎగరేసేది తగ్గింది సూడు."

డాక్టరమ్మ గొట్టం పెట్టి వింది. ముందూ వెనకా చాలాసేపు వింది. కూత ఇంకా ఉంది గానీ గాలి అడుగుదాకా పోతోందని చెప్పింది. పాప పెదవులకు రంగు వచ్చింది. ఒళ్ళోంచి వంగి అవ్వ కొంగు లాగి, "బొరుగులు" అంది. అవ్వ బస్సులో పాప ఊరుకోవడానికి కొంగున కట్టుకొచ్చిన బొరుగులవి. అప్పటిదాకా అడగలేదు. బొరుగులు ఇయ్యవచ్చునా అని అవ్వ డాక్టరమ్మను కళ్ళతోనే అడిగింది. డాక్టరమ్మ, "రోంత" అంది.

ఆ మాట ఆమె నోట విని అవ్వ ముందు నవ్వింది. తర్వాత అందరం నవ్వాం. తల్లి నవ్వుతూనే ఏడ్చింది.

ఆ రోజు నుంచి మా ఆసుపత్రిలో ఒక కట్టుబాటు వచ్చింది. మాస్కు ముందు బిడ్డ చేతికి ఇవ్వాలి, తర్వాత అమ్మ మూతికి పెట్టాలి, తర్వాతే మందు. అన్నిసార్లూ అది సాగిందని చెప్పను. కొందరు బిడ్డలు మరీ అలిసిపోయి వచ్చేవాళ్ళు, వాళ్ళకు ఆటల ఊసే ఉండేది కాదు. వాళ్ళకు సూదే దిక్కయ్యేది. ఒక పిల్లవాడు చిప్పను కిటికీలోంచి పారేసి పగలగొట్టాడు. కానీ చాలామందికి సాగింది. అవ్వ చిప్పలు గీకి పంపేది. బజారు తాత అంచులు అంటించేవాడు. ఏడాది తర్వాత మద్రాసు నుంచి చిన్నపిల్లల రబ్బరు మాస్కులు వచ్చాయి. అవీ మంచివే. వాటినీ ముందు పిల్లల చేతికే ఇచ్చేవాళ్ళం.

పాపకు పత్తి దుమ్ము పడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తల్లి మిల్లు మానేసి ఎమ్మిగనూరులోనే అమ్మతో కలిసి కండెలు చుట్టడం మొదలుపెట్టింది. నూలు దుమ్ము మాత్రం తక్కువా అంటే తక్కువ కాదు గానీ, పాపను పక్కింట్లో ఆడుకోవడానికి పంపి పని చేసుకునేవారు. పత్తి కాలంలో నెలకోసారి ముగ్గురూ చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు. వచ్చినప్పుడల్లా ఆ తల్లి ఆయాసం పిల్లలున్న అమ్మల పక్కన కూర్చునేది. నేను చెప్తే భయపడే మనుషులు ఆమె చెప్తే వినేవాళ్ళు. "గట్టిగా అదమొద్దు. నీ గుండెకు ఆనించుకో. నువ్వు భయపడితే దానికి తెలిసిపోతాది" అనేది.

తరువాతి ఏడాది ఉగాది దాటాక ఒకసారి వచ్చారు. పాపకు అప్పటికి మూడేళ్ళు. నాలుగు నెలలుగా ఆయాసం రాలేదు. డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, "బాగుంది" అంది. అవ్వ పక్కనే నిలబడి ఉంది.

"డాక్టరమ్మా, ఏముంటాది దాంట్లో? నన్నూ విననిస్తావా?"

డాక్టరమ్మ గొట్టం తీసి అవ్వ చెవులకు పెట్టింది. రెండో కొస పాప వీపుకు ఆనించింది. అవ్వ కళ్ళు మూసుకుంది. పాప గిలి పుట్టి నవ్వింది. అవ్వ నోరు కొంచెం తెరుచుకుంది. "గాలి... జొన్నచేలో తోలినట్లు తోల్తాంది" అంది. ఎంతసేపటికీ గొట్టం తీయలేదు. డాక్టరమ్మ తీయమనలేదు.

తర్వాత అవ్వ కళ్ళు తెరిచి కూతురి వైపు చూసింది. "నువ్వు రామ్మీ. నీదీ విననీ" అంది.

"నాకేమైందే? నాకు బాగుంది కదా" అంది కూతురు.

"తెలుసు. బాగుండేదే వింటా. రా."

కూతురు కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత వచ్చి తల్లి ముందు వీపు పెట్టి కూర్చుంది. గొట్టం ఎక్కడ ఆనించాలో డాక్టరమ్మ అవ్వ చెయ్యి పట్టుకుని చూపించింది. కూతురు గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. మళ్ళీ పీల్చి వదిలింది. అవ్వ వింటూ ఇంకో చేత్తో కూతురి జుట్టు చెవి వెనక్కి సర్దుతూ ఉంది. ఎమ్మిగనూరు బస్సుకు వేళవుతోందని నాకు తెలుసు. అయినా నేను చెప్పలేదు.